పుట్టి అంచు వదిలిన ఏడాది

ఈ మధ్య నన్ను చూడవచ్చినవాళ్లు ముందు నా మెడ వైపు చూస్తున్నారు, ఆ తర్వాతే ముఖం వైపు. చొక్కా కాలరుకూ నాకూ మధ్య ఇంకొకరి మెడ పట్టేంత చోటుంది. జుట్టు జ్వరంతో పాటే వెళ్లిపోయింది. జ్వరం మళ్లీ వస్తుందేమోనని జుట్టును కూడా వెనక్కి పిలవడం లేదు. బెత్తం పట్టుకుని బడిలో నిలబడితే ఏది బెత్తమో ఏది పంతులో పిల్లలకు తెలియడం లేదని మా ఇంటావిడ అంటుంది.

జబ్బు సంగతి అడిగిన ప్రతివాళ్లకూ ఒకే కథ చెబుతూ వచ్చాను. వానలు, జ్వరం, ఏరు దాటడం, దవాఖాన, దేవుని దయ. అన్నీ నిజాలే. కానీ అందులో ఒక సంగతి మూడు నెలలు దాచాను. దాన్ని మొన్న సంఘం ముందు నోటితో చెప్పాను. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. ఇంట్లో ఇలాంటి జ్వరం ఉన్నవాళ్లకు పథ్యం విషయంలో ఒక హెచ్చరికగా పనికొస్తే సరే. లేకపోతే నాకైనా చెయ్యి నిలకడగా రాయడం అలవాటవుతుంది.

నేను ఇటిక్యాల దగ్గర ఒక పల్లెలో మిషను బడి పంతుల్ని. ఆదివారం నాడు ఉపదేశిని. వారానికి ఐదు రోజులు అ ఆలు, ఆరో రోజు ఇల్లిల్లూ తిరగడం, ఏడో రోజు మోక్షమార్గం. మా ఇంటావిడ పేరు సువార్తమ్మ. పగలంతా ఊళ్లో నేను సువార్త చెబితే, ఇంటికొచ్చాక సువార్తమ్మ నాకు చెబుతుంది. ఆమెకు చదువు రాదు. రాదు కాబట్టి నాకు తెలిసినవన్నీ ఆమెకు తెలియవని పదకొండేళ్లు నమ్మాను.

ఆదివారం పాఠాల్లో నాకు బాగా పేరు తెచ్చిన పాఠం ఒకటుంది. "క్రీస్తులో ఉండుడంటే ఏంది?" అని అడిగి, బెత్తాన్ని పిడికిట్లో బిగించి ముందుకు చాపేవాణ్ని. "లాగుండ్రి" అనేవాణ్ని. కుర్రవాళ్లు వచ్చి లాగేవాళ్లు. బెత్తం వచ్చేది కాదు. "గిట్ల పట్టుకోవాలె ప్రభువును. రోజూ ప్రార్థన, రోజూ వాక్యం, కల్లు ముట్టద్దు, అబద్ధమాడద్దు, ప్రభువు బల్ల తప్పద్దు. పట్టు సడలిందా, పోయిండ్రు!" అనేవాణ్ని. పరిశుద్ధత అంటే పిడికిలి బిగువేనని నా అర్థం. రక్షణ ఆయన ఇచ్చాడు, నిలబెట్టుకోవడం మాత్రం నా నరాల పని అన్నట్టు. నా నరాలు అప్పటికి బాగానే ఉండేవి.

దూరాన ఎక్కడో పెద్ద యుద్ధం మొదలైన మరుసటి ఏడు, ఆగస్టు నెల చివర, నాకు జ్వరం తగిలింది. నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఉపదేశికి జ్వరం రావడం సంఘానికి మంచి సాక్ష్యం కాదని నా ఉద్దేశం. ఆదివారం యథాప్రకారం బెత్తం చాపాను. ఎవరూ లాగకముందే అది నా చేతిలోంచి జారి కింద పడింది.

దాన్ని తీసి ఇచ్చినవాడు బాలయ్య. సంఘపెద్ద, నాకు తండ్రి వయసువాడు. మోట బావులకు తోలు బొక్కెనలు కుట్టడం ఆయన పని. ఆయన కుట్టిన కుట్టులోంచి నీటిచుక్క కారదని నాలుగూళ్లలో పేరు. బాప్తిస్మంలో వేరే పేరు పెట్టారు గానీ ఆ పేరుతో పిలిస్తే పలకడు. నేను మామా అంటాను.

బెత్తం అందిస్తూ నా వేళ్లు ముట్టుకుని, "ఏంది పంతులూ, నీ చెయ్యి పొయ్యి లెక్క కాలుతుంది!" అన్నాడు.

"ఏంలేదు మామా, ఎండల తిరిగిన."

"మబ్బు పట్టి ఎనిమిది దినాలాయె. ఎండ యాడిది?"

అబద్ధం ఆడవద్దని చెప్పే పాఠం మధ్యలో ఆ అబద్ధం ఆడాను.

ఇంకో నాలుగు రోజులు ఇంట్లో కషాయాలతో గడిచాయి. తర్వాత నాకు మాట తడబడసాగింది. వనపర్తిలో మిషనువాళ్ల దవాఖాన ఉంది. అక్కడికి చేర్చాలని బాలయ్య పట్టుబట్టాడు. మా చిన్నబిడ్డను గద్వాలలో సువార్తమ్మ అక్క ఇంట్లో దింపారు. రైలులో పోవాలంటే స్టేషనుకు ఒక పూట బండి, దిగాక మళ్లీ ఒక పూట బండి. అందుకని బీచుపల్లి దగ్గర కృష్ణ దాటిద్దామన్నారు.

సెప్టెంబరు మొదట్లో కృష్ణ ఎట్లుంటుందో చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఒడ్డున ఒక పుట్టి ఉంది. వెదురు తడకకు తోలు తొడిగిన గుండ్రటి బుట్ట పడవ. దానికి ముందూ లేదు, వెనకా లేదు. తెడ్డువేసే తిప్పన్న నన్ను పసిపిల్లాణ్ని ఎత్తినట్టు ఎత్తి లోపల కూర్చోబెట్టాడు. నీళ్లు సుళ్లు తిరుగుతున్నాయి, నా తలా తిరుగుతోంది, పుట్టీ తిరుగుతోంది. ముగ్గురిలో ఎవరు ఎటు తిరుగుతున్నామో తెలియక రెండు చేతులతో పుట్టి అంచు పట్టుకున్నాను. పట్టుకునే కొద్దీ పుట్టి నా వైపు ఒరిగింది. నీళ్లు లోపలికి చిమ్మాయి.

"ఓ పంతులూ! అంచు ఇడువు!" అని అరిచాడు తిప్పన్న. "నడుమ కూసో. పుట్టిల ఉన్నవు గదా, మల్ల పుట్టిని పట్టుకునుడేంది?"

విడవలేదు. సువార్తమ్మ నా వేళ్లు ఒక్కొక్కటే ఊడదీసి నన్ను తన ఒడిలోకి లాక్కుంది. ఏటి నడుమ వరకే నాకు గుర్తు. తర్వాత సోయి తప్పింది. కళ్లు తెరిచేసరికి అవతలి గట్టు మీద ఎవరిదో బండిలో ఉన్నాను. పైన మబ్బు లేదు. చచ్చి వచ్చిన చోటు ఇదేనా అనుకున్నాను గానీ ఎద్దు గంట వినిపించింది. అక్కడ ఎద్దులుంటాయని నేనెప్పుడూ బోధించలేదు.

దవాఖాన వరండాలో మా వంతు వచ్చేదాకా ఒక పూట కూర్చున్నాం. నేను కూర్చోలేదు, ఒరిగాను. తిమ్మాజిపేట నుంచి వచ్చిన ఒక రైతు భార్య, ఎవరో ఏమిటో తెలియకుండానే, తన దుప్పటి మడిచి నా తల కింద పెట్టింది. ఆమె బిడ్డ దగ్గుతున్నాడు. ఆ దుప్పటి ఆమెకు తిరిగి ఇచ్చామో లేదో ఇప్పటికీ తెలియదు. తన వంతు వచ్చి లోపలికి వెళ్లిన ఆమెను మళ్లీ చూడలేదు.

పరీక్ష చేసిన దొరసాని డాక్టరు మా ఇంటావిడకు ఒక్కటే చెప్పింది. ఈ జ్వరంలో పేగులు పుండులా ఉంటాయి, మందు కంటే పథ్యం ముఖ్యం, తను సరేననే దాకా గట్టి పదార్థం ఏదీ పొట్టలోకి వెళ్లకూడదు, వెళితే మనిషి దక్కడు. సువార్తమ్మ తల ఊపింది. నేనూ ఊపానట. వందల పద్యాలు నోటికి వచ్చిన నాకు పథ్యం మాత్రం కంఠస్థం కాలేదు.

సెప్టెంబరు నెల అంతా బార్లీ నీళ్లు, విరిచిన పాలపై తేట. జవసత్వాలు పోయి జావ మిగిలింది నాలో. మధ్యాహ్నాలు జ్వరం ఎక్కేది. ఎక్కినప్పుడు గోడ మీద మరక మనిషిలా నిలబడేది. భయం వేసినప్పుడు ప్రార్థన చేద్దామంటే ఒక మాట తర్వాత రెండో మాట రాలేదు. "ప్రభువా" అనేవాణ్ని, ఆ తర్వాత ఏం అడగాలనుకున్నానో మరిచిపోయేవాణ్ని. పదకొండేళ్లుగా ఒక్కరోజు తప్పనివాణ్ని. పట్టు సడలితే పోయిండ్రు అన్న నా గొంతు నాకే వినిపించేది. చావు భయం కంటే ఆ గొంతు భయం ఎక్కువగా ఉండేది.

పక్క మంచంలో హుస్సేన్ సాబు. నాగర్‌కర్నూలు సంతల్లో గాజులు అమ్మే ముసలాయన. కాలు విరిగి కట్టు కట్టించుకుని పడుకున్నాడు. "ఇంత ఉమర్‌ల, ఇన్నేండ్లల్ల, ఒక్క గాజు పగలగొట్టలే పంతులూ, కాలు మాత్రం పుటుక్కుమనిపించిన" అని నవ్వించేవాడు. ఐదు పూటలా మంచం మీదే నమాజు చేసుకునేవాడు. నేను కళ్లు మూసుకుని పెదవులు కదపలేక ఊరుకుంటే చూసి, "ఇయ్యాల నీకు సెలవు. నీ పైనున్న ఉపదేశి కూడ జ్వరం సంగతి ఎరిగినోడే కదా" అనేవాడు.

సుందరమ్మ అని నర్సు ఒకామె ఉండేది. చెంచాతో బార్లీ తాగిస్తూ ప్రతి చెంచాకూ ఒక వంటకం పేరు చెప్పేది. "ఇది పప్పు, ఇది పచ్చిపులుసు." నేను మింగేవాణ్ని. సువార్తమ్మ తన రొట్టెలు దవాఖాన గోడ వెనక, నాకు వాసన రానంత దూరంలో మూడు రాళ్లు పెట్టి కాల్చుకునేది. గాలి ఇటు తిరిగిన రోజున వండుకునేది కాదు. ఆ సంగతి నాకు తర్వాత హుస్సేన్ సాబు చెప్పాడు. గద్వాల బండ్లు వచ్చే వేళకు మాత్రం ఆమె గేటు దగ్గరికి పోయి నిలబడేది. బిడ్డ ఎట్లుందో ఎవరైనా చెబుతారేమోనని. ఒకసారి ఉట్టి చేతులతో తిరిగొచ్చి, నేను నీళ్లడిగితే చెంబు కొంచెం గట్టిగా పెట్టింది.

సెప్టెంబరు ఆఖరు వారానికి జ్వరం దిగింది. జ్వరం దిగిన చోట ఆకలి ఎక్కింది. ఆకలి అనే మాట చిన్నది. ఉపవాసం గురించి నేను ఎన్నో ప్రసంగాలు చేశాను. ఆ ప్రసంగాలన్నీ కడుపు నిండా తిని చేసినవని అప్పుడు అర్థమైంది. కళ్లు మూస్తే జొన్నరొట్టె. పెనం మీద పొంగి, నడుమ నల్లగా మాడిన మచ్చలతో. సువార్తమ్మ ముఖం కూడా గుండ్రంగా కనిపించి ఆశ పెట్టేది.

ఆ రోజుల్లోనే బాలయ్య నన్ను చూడవచ్చాడు. మంచం పక్కన గొంతుక్కూర్చుని ఊరి సంగతులు చెప్పాడు. వచ్చే ఆదివారం గద్వాల నుంచి పాదిరి అయ్యగారు వస్తున్నారు, ప్రభువు బల్ల ఇస్తారు అన్నాడు. మా పల్లెకు అయ్యగారు మూడు నెలలకు ఒకసారి వచ్చి, క్రీస్తు శరీరానికి గుర్తుగా రొట్టె విరిచి పంచుతారు. గోధుమరొట్టె మా వైపు దొరకదు. బల్ల మీద జొన్నరొట్టే పెడతాం. మంచం పట్టినవాళ్లుంటే బల్ల మీది రొట్టెలోంచి చిన్న ముక్క తీసి, తెల్లబట్టలో చుట్టి, సంఘపెద్ద చేత పంపడం మా సంఘంలో మొదటి నుంచీ ఉన్న వాడుక.

నాకు ఒక్కసారిగా ఊపిరి ఆడింది. "మామా, నాకూ తే" అన్నాను.

"నీకా? దవాఖానోళ్లు ఏం తినద్దన్నరంట గద."

"గింజంత ముక్కకేమైతది? నెల దినాలాయె, నాకు ప్రార్థన లేదు, వాక్యం లేదు. బల్ల గూడ తప్పితే ఇంక నేను ప్రభువుల ఉన్నట్టా లేనట్టా?"

బాలయ్య గడ్డం గీక్కున్నాడు. "సువార్తమ్మనన్న అడుగుదునా?"

"ఎవ్వరికి చెప్పకు మామా. నర్సమ్మకైతే అస్సలు చెప్పకు."

ఇప్పుడు రాస్తుంటే స్పష్టంగా కనిపిస్తుంది. ఆ మాటల్లో సగం నిజంగా నా ఆత్మవి. నేను విడిపోయాననే భయం నిజమైనదే, ఆ ముక్క నన్ను తిరిగి అతికిస్తుందనుకోవడమూ నిజమే. తక్కిన సగం నా పొట్టవి. ఏది ఏ సగమో విడదీయడం ఆ రోజు నా వల్ల కాలేదు. విడదీయాలని చూడనూ లేదు.

అక్టోబరులో మొదటి ఆదివారం గడిచాక మంగళవారం మధ్యాహ్నం బాలయ్య వచ్చాడు. ఊళ్లో ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతున్నారు, చప్పట్లు దవాఖానలోకి వినిపిస్తున్నాయి. సువార్తమ్మ బట్టలు ఉతకడానికి పోయింది. బాలయ్య అటూ ఇటూ చూసి తలపాగాలోంచి తెల్లబట్ట తీశాడు. విప్పితే సగం రొట్టె.

"మామా, గింజంత అన్నా గద!"

"గింజంతే తెద్దామనుకున్న. మల్ల నీ మెడ యాదికొచ్చింది" అన్నాడు బాలయ్య. కళ్లలో నీళ్లు తిరిగాయి. "దాసుకో. బుక్కెడు తిని తక్కింది పారెయ్యి." అని చెప్పి, తను వచ్చిన బండి ఎడ్లకు నీళ్లు చూపడానికి వెళ్లాడు.

దిండు కింద పెట్టాను. రెండు నిమిషాలు పెట్టానేమో.

"పంతులూ," అన్నాడు హుస్సేన్ సాబు పైకప్పు చూస్తూ, "నీ దిండుల దూదికి బదులు రొట్టె పెట్టిండ్రా ఏంది?"

"ఇది రొట్టె కాదు సాబ్. ప్రభువు బల్ల ముక్క. పరిశుద్ధమైంది."

"నోటికి తెలుసు గది. కడుపుకెట్ల తెలుస్తది? జర ఆలోచన జెయ్యి."

ఆలోచించాను. ఒక చిన్న ముక్క తుంచి, కళ్లు మూసుకుని, భక్తిగా నోట్లో వేసుకున్నాను. అక్కడ ఆగి ఉంటే ఈ వ్యాసం లేదు. రెండో ముక్క కూడా భక్తితోనే మొదలైంది. మూడోది ఎట్లా మొదలైందో తెలియదు. చివరికి బట్టకు అంటిన పొడి కూడా వేలితో అద్దుకుని తిన్నాను. ఆ రోజు నేను చేసిన ప్రార్థన అన్నం ముందు చేసేది, బల్ల ముందు చేసేది కాదు.

మరునాడు మధ్యాహ్నం కడుపులో కత్తి తిప్పినట్టయింది. చల్లటి చెమటలు, ఆ వెనకే మళ్లీ జ్వరం. దొరసాని పరుగున వచ్చింది. పొట్ట మీద చెయ్యి వేసి, "ఏం తిన్నాడు? ఎవరు పెట్టారు?" అని అడిగింది. సువార్తమ్మ నా ముఖం వైపు తిరిగింది. బాలయ్య ముందటి రాత్రి వరండాలో ఆగిపోయి ఇంకా ఊరికి బయలుదేరలేదు. తలుపు దగ్గర నుంచి ముందుకొచ్చి, తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నేనే దొరసానీ. నేనే తెచ్చి పెట్టిన. ఆయనది తప్పు లేదు."

నేను కళ్లు మూసుకున్నాను.

దాచిన సంగతి ఇదే. అందరూ నాకు సోయి లేదనుకున్నారు. నాకు సోయి ఉంది. ప్రతి మాటా విన్నాను. "నేనే అడిగాను" అనడానికి కావలసినంత ఊపిరి కూడా ఉంది. కళ్లు తెరిస్తే సువార్తమ్మ ముఖం చూడాలి, రొట్టె దొంగచాటుగా తిన్న ఉపదేశిని నర్సు చూస్తుంది. మూసుకున్న కళ్లు తెరవలేదు. బాలయ్య అడుగుల చప్పుడు వరండా దిగి వెళ్లిపోవడం విన్నాను.

తర్వాతి మూడు వారాల గురించి ఎక్కువ రాయలేను. సుందరమ్మ తన విశ్రాంతి వేళ కూడా మంచం పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేది. ఈసారి చెంచాలకు వంటకాల పేర్లు పెట్టలేదు. అదే నాకు భయం కలిగించింది. ఒక మధ్యాహ్నం హుస్సేన్ సాబు తన మంచాన్ని చేతులతో గోడను నెట్టుకుంటూ జానెడు నా వైపు జరిపాడు. ఎందుకని అడిగితే, "గాలి కోసం" అన్నాడు. గాలి అటువైపే ఉంది.

దీపావళి దగ్గర పడేసరికి జ్వరం రెండోసారి దిగింది. బతుకుతానన్నారు. బతకడం సంతోషమే గానీ లోపల ఏదో తెగినట్టే ఉంది. ఒకరోజు సువార్తమ్మ నా కాళ్లకు నూనె రాస్తుంటే చెప్పేశాను. రొట్టె అడిగింది నేనేనని, సోయి ఉండి కూడా నోరు మెదపలేదని.

ఆమె రాయడం ఆపలేదు. "అడిగిన సంగతి బాలయ్య మామ చెప్పలే. నేనే అనుకున్న" అంది. "సోయి సంగతి అనుకోలే."

"అయిపాయె సువార్తా. నా పట్టు పూర్తిగ పాయె. ప్రార్థన లేదు. బల్ల పేరుతోటి దొంగతనం జేసిన. ముసలాయన మీద నింద ఏసిన. ఇంక నేను క్రీస్తులున్ననని ఏ ముఖం పెట్టుకొని చెప్పాలె?"

"నీ ముఖం సంగతి ఇడిసెయ్. గా ముఖం తోటే వచ్చింది గీ తిప్పలంత." అని, మడమకు నూనె పట్టిస్తూ అడిగింది. "వచ్చేటప్పుడు పుట్టిల నీకు సోయి తప్పింది. యాదికుందా?"

"ఉంది."

"సోయి తప్పినంక పుట్టిని పట్టుకున్నవా?"

"లేదు."

"మరి నీళ్లల్ల పడ్డవా?"

"పడలే."

"పట్టుకున్నంతసేపు ముంచబోతివి. ఇడిసినంక ఒడ్డుకొచ్చినవు. ఆయనల ఉన్నవంటే ఆయన మోస్తుండనే గద. పదకొండేండ్లు నువ్వు బెత్తం చూపెడుతుంటే నేను గిదే అనుకుంటుంటి, బెత్తం పంతుల్ని పట్టుకున్నదా, పంతులు బెత్తాన్ని పట్టుకున్నడా అని."

"ఎన్నడూ అనకపోతివి?"

"నువ్వు అడగకపోతివి."

పంతుల్ని కదా, అంత తేలిగ్గా ఊరుకోలేదు. వాదన పెట్టాను. "గట్లయితే పట్టుకోనే అక్కర్లేదా? ఎట్లన్న ఉండచ్చా? ఏమన్న తినచ్చా?"

సువార్తమ్మ నూనె చేతులు తుడుచుకుంది. "పుట్టిల కూసున్నోడు ఎగురుతడా పంతులూ? మునుగుతనేమోనని కాదు. మోసేటోని మీద ఎగరబుద్ధి గాదు. నడుమ కూసుంటడు, తెడ్డేసేటోడు చెప్పింది ఇంటడు. గంతే."

ప్రభువు చెప్పిన ద్రాక్షతీగ పోలికలో, తీగకు కొమ్మ ఎట్లా అంటి ఉంటుందో, కొమ్మ తనంతట తాను కాయదని, తీగలోని పసరే కొమ్మలోకి వచ్చి కాయ అవుతుందని నేను ఎన్నిసార్లు బోధించానో. బోధించినప్పుడల్లా కొమ్మ గట్టిగా పట్టుకోవాలని చివర ఒక మాట నా సొంతంగా కలిపాను. కలిపిన మాటే గుర్తుంచుకుని, అసలు మాట మరిచాను. నన్ను నీతిమంతుడనడానికి ఆయనతో కలిసి ఉండడం తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు. నన్ను బాగుచెయ్యడానికి కూడా అదే దారి. రెండింటికీ రెండు పడవలు లేవు.

మరునాడు సుందరమ్మకు చెప్పాను. ఆమె ఆశ్చర్యపడలేదు. "తెలుసు పంతులుగారూ. దిండు ఎత్తితే చీమల బారు కనబడ్డది. మీరెప్పుడు చెప్తరా అని చూస్తున్న" అంది. చెంచా నోటి దగ్గర పెడుతూ, "ఇది జొన్నరొట్టె" అంది. పక్క మంచంలో నుంచి హుస్సేన్ సాబు, "నేను గూడ వాసన చూసిన గవాహిని, సాక్షిని, నన్నెవ్వరు అడగరే?" అన్నాడు.

నవంబరు నడుమ ఇంటికి బయలుదేరాం. కృష్ణ తగ్గింది, రాళ్లు కనిపిస్తున్నాయి. అదే పుట్టి, అదే తిప్పన్న. ఈసారి నడుమ కూర్చున్నాను. చేతులు ఒడిలో పెట్టుకున్నాను. "గిప్పుడు కుదురుగ ఉన్నవు" అన్నాడు తిప్పన్న. కుదురు కాదు, భయం ఇంకా ఉంది. ఊరికే అంచు పట్టుకోలేదు, అంతే.

ఊళ్లో అందరూ వచ్చారు, బాలయ్య రాలేదు. నేనే కర్ర ఊతంతో ఆయన పని చేసుకునే పందిరి కిందికి వెళ్లాను. బొక్కెన కుడుతున్నాడు. తల ఎత్తలేదు. బల్లకు ఇంక చెయ్యి చాపనని సంఘంలో చెప్పేశాడని అప్పటికే విన్నాను.

"మామా, అడిగింది నేను. తప్పు నాది."

"జ్వరమొచ్చినోడు అడుగుతడు. ఇచ్చేటోనికి సోయి ఉండాలె" అన్నాడు సూది గుచ్చుతూ. "ప్రభువు రొట్టెతోటి మనిషిని సంపబోయిన. గీ చేతులతోటి మల్ల గా రొట్టె ముట్టనా? నువ్వు మంచోనివి, నన్ను ఓదార్చనీకె నీ మీద ఏసుకుంటున్నవు."

అక్కడే చెప్పాల్సింది. కళ్లు మూసుకున్న సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. నువ్వు మంచోనివి అన్న మాట విన్నాక అది వెనక్కి వెళ్లిపోయింది. అంత తీపి మాట చాలా రోజులుగా ఎవరూ పెట్టలేదు. ఇంటికొచ్చి సువార్తమ్మకు చెబితే, "మల్ల అంచు పట్టుకున్నవు" అంది.

జనవరి మొదటి ఆదివారం అయ్యగారు వచ్చారు. బల్ల మీద తెల్లబట్ట, జొన్నరొట్టె, గిన్నె. మగవాళ్లు ఒక వైపు, ఆడవాళ్లు ఒక వైపు. బాలయ్య అందరికంటే వెనక, గుమ్మం దగ్గర, బయటికి లేచిపోవడానికి సిద్ధంగా కూర్చున్నాడు. సాక్ష్యం చెప్పమని అయ్యగారు నన్ను పిలిచారు. బెత్తం తేలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఉపదేశి పని పోతుందేమో, పిల్లలు నవ్వుతారేమో అని ఒక పక్క. గుమ్మం దగ్గరి ముసలాయన ఒక పక్క.

"నేను జబ్బు నుంచి లేచిన సంగతి మీకు చెప్పిన" అన్నాను. "ఒకటి చెప్పలే. రొట్టె తెమ్మని బాలయ్య మామను నేనే బతిమిలాడిన, ఎవ్వరికి చెప్పద్దన్న. సగం రొట్టె నేనే తిన్న. బల్ల ముక్క అని తినలే, ఆకలికి తిన్న. ఎవరు పెట్టిండ్రని దొరసాని అడిగినప్పుడు, నింద మామ తన మీద ఏసుకున్నడు. అప్పుడు..."

ఆడవాళ్ల వైపు చూశాను. సువార్తమ్మ తన ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది.

"అప్పుడు నాకు సోయి ఉంది మామా."

గుమ్మం దగ్గర బాలయ్య లేచి నిలబడ్డాడు. వెళ్లిపోతాడనుకున్నాను.

"సోయి ఉండెనా?" అన్నాడు.

"ఉండె."

"మూడు నెల్లు నాకు నిద్ర లేకపాయె. నువ్వు కండ్లు మూసుకుంటివి!"

"మూసుకుంటి. నన్ను మాఫ్ చెయ్యి మామా."

ఆయన చాలాసేపు నన్ను చూశాడు. ముందు ముఖం, తర్వాత మెడ. "దొంగ పంతులు" అన్నాడు చివరికి. తర్వాత ఇంకొంచెం మెత్తగా, "గా రొట్టె నీకు రుచన్న అయిందా?"

"మస్తు రుచైంది."

ముందు ఆడవాళ్ల వైపు ఎవరో నవ్వారు. తర్వాత అయ్యగారు నవ్వారు. బాలయ్య నవ్వలేదు. కానీ వెనక నుంచి నడిచి ముందుకొచ్చాడు. అయ్యగారు రొట్టె విరిచి పళ్లెం ఆయన చేతుల్లో పెట్టారు. నా దగ్గరికి వచ్చినప్పుడు పళ్లెంలోని ముక్కలన్నీ వేలితో వెతికి, అందులో అతి చిన్నది, నిజంగానే జొన్నగింజంతది, తీసి నా అరచేతిలో పెట్టాడు.

"గింతే" అన్నాడు.

అది చాలింది. తర్వాత ఆయన తన ముక్క తీసుకుని, గుమ్మం దగ్గరికి పోకుండా నా పక్కనే కూర్చుని, నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలాడు. చాలాసేపు నమిలాడు. పొద్దున కాల్చిన జొన్నరొట్టె, చల్లారితే గట్టిపడుతుంది. నేను కూడా నమిలాను.